ఆరు నుంచి ఎనిమిదో క్లాసు పిల్లలు కాలేజీ చదువుకు ఎంతవరకు సిద్ధంగా ఉన్నారు? బెంగళూరు తెలుగు తల్లిదండ్రులు ఇంట్లోనే తెలుసుకునే పద్ధతి

బెంగళూరులో పిల్లాడు ఆరో క్లాసుకు వచ్చాడంటే చాలు, అపార్ట్‌మెంట్‌లో కలిసిన తెలుగువాళ్లు అడిగే మొదటి మాట "ఫౌండేషన్‌లో వేశారా?" అని. మారతహళ్లిలో, వైట్‌ఫీల్డ్‌లో, కేఆర్ పురంలో ఎటు చూసినా ఐఐటీకి చిన్నప్పటి నుంచే తయారుచేసే ఆ ఫౌండేషన్ కోచింగ్ బోర్డులే. పదకొండేళ్ల పిల్లకు ఐఐటీ పేరు చెప్పి భయపెడతాం, మనం అంతకు రెట్టింపు టెన్షన్ పడతాం. వారాంతాల్లో ఈ వయసు పిల్లలకు లెక్కలు చెప్పి, చదివించడం నా పని. వచ్చే తల్లిదండ్రులందరిదీ ఒకటే ప్రశ్న: "మావాడు పెద్ద చదువులకు పనికొస్తాడా?" పన్నెండేళ్ల పిల్లాడి గురించి ఆ తీర్పు ఎవరూ చెప్పలేరు, చెప్పకూడదు కూడా. అయితే ఇప్పుడు వాడికి ఏం వచ్చు, ఏది రాకపోతే పీయూసీలో, అంటే మన ఇంటర్‌లో, కష్టపడతాడు అన్న సంగతి మాత్రం నెల రోజుల్లో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. ఖర్చేమీ ఉండదు. ఒక నోట్‌బుక్, వారానికి ఒక గంట, కొంచెం ఓపిక ఉంటే చాలు.

ఇంత చిన్నప్పుడే ఎందుకు అనిపించవచ్చు. అమెరికాలో కాలేజీ ప్రవేశ పరీక్ష నడిపే ఏసీటీ సంస్థ 2008లో ఒక నివేదిక ఇచ్చింది. హైస్కూల్ (అక్కడ తొమ్మిది నుంచి పన్నెండు క్లాసులు) ముగిసేసరికి పిల్లలు కాలేజీకి ఎంత సిద్ధంగా ఉంటారన్నది, హైస్కూల్లో జరిగే వాటన్నిటికంటే ఎనిమిదో క్లాసుకల్లా వాళ్లు నేర్చుకున్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుందని అందులో తేలింది. అక్కడి బడులు వేరు, మన బడులు వేరు. అయినా ఈ మాట మన పిల్లల్లోనూ నాకు రోజూ కనిపిస్తుంది. పదకొండులో ఫిజిక్స్ అర్థం కావట్లేదని వచ్చే పిల్లల్లో చాలామందికి అసలు చిక్కు ఏడో క్లాసు నిష్పత్తుల దగ్గరే ఉంటుంది. మన జాతీయ విద్యా విధానం 2020 కూడా 6 నుంచి 8 క్లాసులను ఒక ప్రత్యేక దశగా పెట్టింది.

మొదటి అడుగు: పాత ఆన్సర్ షీట్లు తీయండి

గత రెండేళ్ల ఆన్సర్ షీట్లు, రఫ్ బుక్కులు, హాజరు వివరాలు ముందేసుకోండి. మొత్తం మార్కులను పక్కన పెట్టి, మార్కులు పోయిన ప్రతి చోటా పెన్సిల్‌తో ఒక గుర్తు వేయండి. విషయం తెలియక పోతే "తె", తెలిసీ తొందరలో తప్పు చేస్తే "తొ", ప్రశ్న అర్థం కాక వేరేదేదో రాస్తే "ప్ర". పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, తననే చెప్పమనండి. తిట్టకుండా అడిగితే ఎక్కడ పోయిందో వాళ్లే చెప్పేస్తారు.

రెండు, మూడు సబ్జెక్టులు చూసేసరికి సంగతి తేలిపోతుంది. "ప్ర" గుర్తులు ఎక్కువుంటే లెక్కల ట్యూషన్ పెట్టించి లాభం లేదు, అసలు లోపం చదవడంలో ఉంది. "తె" గుర్తులన్నీ ఒకే పాఠం చుట్టూ ఉంటే ఆ నెల ఏం జరిగిందో చూడండి. జ్వరమొచ్చిందా, ఊరెళ్లారా, స్కూల్ మారారా?

హాజరును చాలామంది పట్టించుకోరు. షికాగో ప్రభుత్వ బడుల మీద 2014లో వచ్చిన పరిశోధనలో, హైస్కూల్లో పిల్లలు ఎలా చదువుతారో చెప్పడానికి ఒక్క రోజు రాసే పెద్ద పరీక్ష స్కోరు కంటే మిడిల్ స్కూల్ హాజరు, క్లాసు గ్రేడ్లే ఎక్కువ పనికొచ్చాయి. మన ఇళ్లలో దీనికొక ప్రత్యేకమైన కారణం ఉంది. కర్ణాటకలో పెద్ద సెలవులు దసరాకు ఇస్తారు, సంక్రాంతికి ఇవ్వరు. మనమేమో సంక్రాంతికి వారం పది రోజులు పిల్లల్ని తీసుకుని ఊరెళ్తాం. అమ్మమ్మ ఊరు పిల్లలకు కావాల్సిందే, వెళ్లొద్దనను. తిరిగొచ్చాక ఆ వారం పాఠాలు ఎవరి నోట్సు చూసి, ఎప్పుడు పూర్తి చేయాలో బస్సెక్కే ముందే అనుకోండి.

రెండో అడుగు: చదివి అర్థం చేసుకోవడం

కాలేజీ చదువంటే ముఖ్యంగా ఎవరూ విడమరిచి చెప్పని పేజీలను తనంతట తాను చదువుకోవడమే. అందుకే ఈ అడుగుకు ఎక్కువ సమయం ఇవ్వండి.

పిల్ల ఇంతవరకు చూడని రెండు పేజీలు తీసుకోండి. పై క్లాసు ఎన్‌సీఈఆర్‌టీ సైన్స్ పుస్తకంలోవి బాగుంటాయి, ఆ పుస్తకాలు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. లేదా పేపర్‌లో వచ్చిన ఒక వ్యాసం ఇవ్వండి. పది, పన్నెండు నిమిషాలు మౌనంగా చదవమనండి. మీరు పక్కన ఉండొద్దు, ఫోన్ కూడా ఉండకూడదు. ఆ తర్వాత నాలుగు అడగండి:

ఇది దేని గురించి, రెండు వాక్యాల్లో చెప్పు.
ఒక "ఎందుకు" ప్రశ్న. జవాబు ఒకే వాక్యంలో దొరకకూడదు, రెండు చోట్ల చదివిన విషయాలు కలిపితేనే రావాలి.
తెలియని ఒక మాట చూపించి, చుట్టూ ఉన్న వాక్యాలను బట్టి దాని అర్థం ఊహించమనండి.
రాసినాయన చెప్పకుండా వదిలేసింది ఏమైనా ఉందా, నీకేం డౌట్ వచ్చింది?

జవాబులు ముందు ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో చెప్పించండి. ఇది చాలా ముఖ్యం. ఏడో క్లాసు పాపకు నేను 2024 వేసవిలో బెంగళూరులో వచ్చిన నీళ్ల కొరత మీద ఒక వ్యాసం ఇచ్చాను. చక్కటి ఉచ్చారణతో గడగడా చదివేసింది. బోర్లు ఎందుకు ఎండిపోయాయని ఇంగ్లీషులో అడిగితే, వేలు పెట్టి ఆ పేరాలోని ఒక వాక్యాన్నే మళ్లీ చదివి వినిపించింది. "తెలుగులో చెప్పమ్మా" అన్నాను. "వాన నీళ్లు లోపలికి దిగట్లేదు ఆంటీ, అంతా సిమెంట్ వేసేశారు కదా. పైగా అందరూ ఇంకా లోతుగా బోర్లు వేస్తున్నారు" అంది. రెండు చోట్ల ఉన్న విషయాలను తనే కలిపి చెప్పింది! ఆ పిల్లకు ఆలోచన ఉంది. ఆ ఆలోచనను సొంత ఇంగ్లీషు వాక్యాల్లో పెట్టే అలవాటు లేదు, అంతే. స్కూల్ రిపోర్టులో మాత్రం ఆ పిల్ల "కాంప్రహెన్షన్‌లో వీక్".

కాబట్టి తెలుగులో చెప్పగలిగి ఇంగ్లీషులో చెప్పలేకపోతే అది భాష సమస్య, రోజూ నాలుగు వాక్యాలు సొంతంగా రాయిస్తే కొన్ని నెలల్లో దారికి వస్తుంది. రెండు భాషల్లోనూ చెప్పలేకపోతే చదివింది బుర్రకెక్కట్లేదన్నమాట. అప్పుడు క్లాసు పుస్తకం కంటే తేలికైన పుస్తకాల నుంచి మొదలుపెట్టి, రోజూ ఇరవై నిమిషాలు కలిసి చదవాలి. పేరా పేరాకీ ఆగి "ఇప్పుడు ఏమైంది?" అని అడగాలి. చదవడమే తడబడుతుంటే, అక్షరాలు తిరగేస్తుంటే, ఎంత చదివించినా మార్పు లేకపోతే ఆలస్యం చేయకుండా కళ్ల డాక్టరుకు చూపించండి. ఆ తర్వాత స్కూల్ స్పెషల్ ఎడ్యుకేటర్‌తో మాట్లాడండి. బద్ధకం అని ముద్ర వేయొద్దు.

మన పిల్లలకు నాలుగు భాషలు మీద పడతాయి. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, హిందీ, పైగా 2015 చట్టం ప్రకారం కన్నడ. కన్నడ రాదని భయపడే పిల్లకు ముందు తెలుగు అక్షరాలు గట్టిగా నేర్పండి. రెండు లిపులూ చాలా దగ్గర. తెలుగు చదవడం వచ్చిన పిల్ల కన్నడ బోర్డులను కూడబలుక్కుని చదివేయడం నేను చాలాసార్లు చూశాను.

మూడో అడుగు: ఆరు లెక్కలు

నలభై ప్రశ్నల పేపర్ అక్కర్లేదు. ఈ ఆరు ఇవ్వండి, ఏడో క్లాసు చివరికల్లా ఇవన్నీ రావాలి. ఆరో క్లాసు పిల్లకైతే మొదటి మూడు చాలు. ప్రతి లెక్కకీ "ఎలా చేశావు?" అని తప్పకుండా అడగండి. జవాబు సరిగ్గా వచ్చినా అడగండి.

ఒకటి: 8 + 4 = __ + 5. ఖాళీలో 7 రావాలి. చాలామంది 12 రాస్తారు. అంటే సమానం గుర్తు కనబడితే "జవాబు ఇక్కడ రాయి" అనుకుంటున్నారు, రెండు వైపులా ఒకే విలువ ఉండాలని తెలియదు. ఈ పొరపాటుతో బీజగణితంలోకి వెళ్తే అక్కడ ప్రతి స్టెప్పూ బట్టీ పట్టాల్సిందే.

రెండు: 0.45, 0.6 ఈ రెండింట్లో పెద్దది ఏది? 45 పెద్దది కాబట్టి మొదటిది అంటే దశాంశ స్థానాలు అర్థం కాలేదు. 0.6 అంటే అరవై పైసలు, 0.45 అంటే నలభై అయిదు పైసలు అని చెప్పి చూడండి.

మూడు: 2/3 + 1/4. పైవి పైవి, కిందివి కిందివి కలిపి 3/7 అని రాస్తే, కొట్టేయకండి. "3/7 సగం కంటే ఎక్కువా తక్కువా?" అని అడగండి. తక్కువ అంటారు. "మరి 2/3?" సగం కంటే ఎక్కువ అంటారు. "ఉన్నదానికి ఇంకొంచెం కలిపితే తగ్గిపోయిందేంటి?" అక్కడ పిల్ల ముఖం చూడండి. కొందరు వెంటనే రబ్బరు అందుకుంటారు. వాళ్లతో దిగులు లేదు, పద్ధతి మర్చిపోయారు గానీ సంఖ్య ఎంతో తెలుసు. 11/12 ఎలా వస్తుందో మళ్లీ చెబితే పట్టేస్తారు. కొందరు "మా మిస్ ఇలాగే చెప్పారు" అని అక్కడే ఉండిపోతారు. వాళ్లకు భిన్నం ఒక పరిమాణంగా కనబడట్లేదు. కాగితం మడిచి, గీత మీద గుర్తులు పెట్టి మొదటి నుంచీ చూపించాలి. ఈ తేడా ఏ ఆన్‌లైన్ టెస్టు స్కోరులోనూ కనిపించదు.

నాలుగు: −3 − (−5) ఎంత? 2 రావాలి. −8 వస్తే గుర్తుల సూత్రం గందరగోళమైంది. సంఖ్యారేఖ మీద చేయించండి.

అయిదు: 800 రూపాయల షర్టు మీద 20 శాతం తగ్గించి, ఆ ధర మీద మళ్లీ 10 శాతం తగ్గించారు. ఎంత కట్టాలి? 576. పిల్ల 560 అందంటే రెండు శాతాలనూ కలిపేసి 30 చేసేసింది. "దేని మీద శాతం?" అన్న ప్రశ్న అలవాటు చేయాలి. కెమిస్ట్రీలో ద్రావణాల గాఢత దగ్గరా, కామర్స్‌లో వడ్డీ దగ్గరా ఇదే ప్రశ్న మళ్లీ వస్తుంది.

ఆరు: 12 మంది 8 రోజుల్లో చేసే పనిని 16 మంది ఎన్ని రోజుల్లో చేస్తారు? 6 రోజులు. పది చిల్లర వచ్చిందంటే, మనుషులు పెరిగితే రోజులు తగ్గాలి కదా అన్న ఆలోచన లేకుండా సూత్రంలో అంకెలు వేసేశారు. లెక్క మొదలుపెట్టే ముందే "జవాబు 8 కంటే ఎక్కువ వస్తుందా తక్కువ వస్తుందా?" అని ఊహించమనడం దీనికి మందు.

ఎక్కడ ఆగిపోయారో అక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఎనిమిదో క్లాసు పిల్లకు అయిదో క్లాసు భిన్నాలు చెప్పడానికి నామోషీ పడొద్దు. రోజుకు పదిహేను నిమిషాలు చొప్పున చేయిస్తే ఒక టర్ములోనే మార్పు కనబడుతుంది. అది పూర్తి కాకుండా పై క్లాసు ఫార్ములాలు ఎక్కిస్తే తడి గోడ మీద రంగు వేసినట్టే.

నాలుగో అడుగు: రాయడం

ఒక ప్రశ్న ఇచ్చి అరగంటలో ఒక పేజీ రాయమనండి. "స్కూల్‌కు మొబైల్ తీసుకెళ్లనివ్వాలా?" లాంటిదైతే చాలు. చూడాల్సినవి మూడే: ఒక అభిప్రాయం ఉందా, దానికి కారణం చెప్పిందా, అవతలివాళ్లు ఏమంటారో ఒక్క వాక్యమైనా రాసిందా? స్పెల్లింగ్ తప్పుల జోలికి ఈసారి పోవద్దు. మర్నాడు అదే పేజీ ఇచ్చి "బాగు చెయ్యి" అనండి. తను రాసింది తనే దిద్దుకోగలిగితే అది పెద్ద బలం.

అయిదో అడుగు: తన పని తాను చేసుకోవడం

ఇది తల్లులకు కష్టమైన వారం. సోమవారం నుంచి శనివారం దాకా "హోమ్‌వర్క్ అయిందా?" అని అడగొద్దు, బ్యాగు సర్దొద్దు, క్లాస్ వాట్సాప్ గ్రూపులో ప్రాజెక్టు వివరాలు కనుక్కోవద్దు. ఆదివారం రాత్రి పిల్ల చేత వారం ప్లాన్ రాయించి, ఊరికే చూస్తూ ఉండండి. ఏదైనా మర్చిపోయి టీచర్ చేత మాట పడితే పడనివ్వండి. అర్థం కానిది వచ్చినప్పుడు ఏం చేస్తుందో ప్రత్యేకంగా గమనించండి. మళ్లీ చదువుతుందా, స్నేహితురాలికి ఫోన్ చేస్తుందా, టీచర్‌ను అడుగుతుందా, పుస్తకం మూసేస్తుందా? అడగడానికి మొహమాటపడే పిల్లలు హాస్టల్‌కు వెళ్లాక చాలా నలిగిపోతారు. మార్కులు బాగా వచ్చే పిల్లల్లో కూడా ఇది ఉంటుంది, అందుకే చెబుతున్నాను.

ఆరో అడుగు: కాలేజీ అంటే ఏమిటో చూపించండి

చాలామంది పిల్లలకు కాలేజీ అంటే ఇంజినీరింగ్, డాక్టరు, అంతే. ఈ ఊళ్లో ఉంటూ కూడా అదే అనుకుంటే అన్యాయం. సైన్స్ పరిశోధనా సంస్థ ఐఐఎస్సీ ఏటా ఒక రోజు ఓపెన్ డే పెట్టి ల్యాబ్‌లన్నీ జనానికి చూపిస్తుంది. నవంబరు ప్రాంతంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం క్యాంపస్ జీకేవీకేలో కృషి మేళా జరుగుతుంది. నాగరభావిలో నేషనల్ లా స్కూల్, పీణ్యలో డిజైన్ చదువులు చెప్పే ఎన్ఐడీ ఉన్నాయి. కస్తూర్బా రోడ్డు మీద విశ్వేశ్వరయ్య మ్యూజియం, హై గ్రౌండ్స్ దగ్గర నెహ్రూ ప్లానెటోరియం ఉండనే ఉన్నాయి. తీసుకెళ్లి, ఇంటికొచ్చాక "నీకు ఏం నచ్చింది, ఎందుకు?" అని మాత్రం అడగండి. "ఇది చదవాలంటే ఏం చేయాలి?" అని పిల్ల తిరిగి అడిగితే అది రాసిపెట్టుకోవాల్సిన సంగతి.

ఏడో అడుగు: ఒక్క పేజీలో రాయండి

చదవడం, లెక్కలు, రాయడం, సొంతంగా పని, ఆసక్తి. ఈ అయిదింటికీ ఎదురుగా మూడింట్లో ఒకటి రాయండి: "తనంతట తాను", "సాయం చేస్తే", "ఇంకా లేదు". అంకెలు వేయొద్దు, అంకె వేస్తే పక్కింటి పిల్లతో పోల్చడం మొదలవుతుంది. రాబోయే మూడు నెలలకు రెండంటే రెండే పనులు ఎంచుకోండి. ఆ పేజీ పిల్లకు చూపించి, ఒకటి తననే ఎంచుకోనివ్వండి.

పీటీఎంకు (పేరెంట్ టీచర్ మీటింగ్‌కు) వెళ్లేటప్పుడు ఆ పేజీ తీసుకెళ్లండి. "ఎలా చదువుతున్నాడు మేడం?" అంటే "ఇంకా ఇంప్రూవ్ కావాలి" అనే అంటారు. దాని బదులు "ప్రశ్న సరిగ్గా చదవట్లేదని ఇంట్లో గమనించాం, క్లాసులో మీకూ అలాగే అనిపిస్తోందా?" అని అడగండి. టీచర్లు అప్పుడు నిజంగా మాట్లాడతారు. సీబీఎస్ఈ స్కూల్ అయితే 3, 5, 8 క్లాసులకు రూపొందించిన సఫల్ అనే పరీక్ష తమ స్కూల్లో జరిగిందా అని కూడా అడగండి. అది బట్టీ మీద కాకుండా అవగాహన మీద పెట్టే పరీక్ష.

ఫౌండేషన్ సెంటర్ల స్కాలర్‌షిప్ టెస్టుల సంగతి. రాయిస్తే తప్పులేదు, కానీ వచ్చిన డిస్కౌంటును పిల్ల తెలివికి కొలతగా తీసుకోవద్దు. అవి అడ్మిషన్ల కోసం పెట్టే పరీక్షలు. ప్రశ్నపత్రం ఇంటికి ఇస్తే మాత్రం తెచ్చుకుని, మొదటి అడుగులో చెప్పినట్టు గుర్తులు వేసుకోండి. నన్నడిగితే, చదవడం, భిన్నాలు రెండూ "తనంతట తాను" దగ్గరికి రాకుండా ఏ ఫౌండేషన్‌కూ డబ్బు కట్టొద్దు.

ఎనిమిదో అడుగు: కాగితాలు

సంసిద్ధతలో ఇదీ భాగమే, మనవాళ్లు దీని దగ్గరే దెబ్బతింటారు. కర్ణాటకలో ఇంజినీరింగ్ లాంటి కోర్సులకు పెట్టే కేసీఈటీ ప్రవేశ పరీక్ష ద్వారా ప్రభుత్వ కోటా సీటు రావాలంటే మామూలు నిబంధన ఇది: ఒకటి నుంచి పన్నెండు దాకా కనీసం 7 విద్యా సంవత్సరాలు కర్ణాటకలో చదవాలి, పదో క్లాసో రెండో పీయూసీనో ఇక్కడే పాసవ్వాలి. ఆరు నుంచి పన్నెండు లెక్కేస్తే సరిగ్గా ఏడేళ్లు. ఏడో క్లాసులో హైదరాబాద్ నుంచో నెల్లూరు నుంచో వచ్చి చేరితే ఒక ఏడాది తక్కువ పడుతుంది. మరికొన్ని వర్గాలకు వేరే క్లాజులు కూడా ఉన్నాయి, ఏ ఏటి బ్రోచర్ ఆ ఏడు చదవాలి. ఇటు ఆంధ్ర, తెలంగాణల్లో లోకల్ హోదా కూడా అక్కడ చదివిన ఏళ్లను బట్టే వస్తుంది. కాబట్టి ఉద్యోగం మారే ముందు, పిల్లను ఇంటర్‌కు విజయవాడ పంపాలనుకునే ముందు, ఈ ఏళ్లు వేళ్ల మీద లెక్కపెట్టుకోండి. స్కూల్ మారిన ప్రతిసారీ టీసీతో పాటు స్టడీ సర్టిఫికెట్ కూడా తీసుకోండి. కేసీఈటీ కోసం దాని మీద బీఈఓ (బ్లాక్ విద్యాధికారి) సంతకం కూడా అడుగుతారు. స్కూల్ మూతపడ్డాక ఆ కాగితం కోసం తిరగడం నరకం.

మీ ఇంట్లో పనిచేసే అక్క పిల్లలు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పిల్లలు, సైట్ల దగ్గర ఉండే మన పాలమూరు, అనంతపురం కూలీల పిల్లలు ప్రభుత్వ బడిలో ఏడో, ఎనిమిదో క్లాసు చదువుతుంటే వాళ్లకూ ఇవే ఆరు లెక్కలు ఇచ్చి చూడండి. వాళ్లకు ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ గురించి చెప్పడం మన బాధ్యత. ప్రభుత్వ, ఎయిడెడ్, స్థానిక సంస్థల బడుల్లో ఎనిమిదో క్లాసు చదువుతూ, కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటని పిల్లలు రాయొచ్చు. ఏడో క్లాసులో 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు 5 శాతం సడలింపు ఉంది. తార్కిక ప్రశ్నలకు ఒక పేపర్, సబ్జెక్టులకు ఒక పేపర్, ఒక్కొక్కదానిలో 90 ప్రశ్నలు. ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏటా 12,000 రూపాయలు నేరుగా బ్యాంకు ఖాతాలో పడతాయి. దరఖాస్తు స్కూల్ ద్వారానే వెళ్లాలి. ఆదాయ ధ్రువపత్రం, పిల్ల పేరు మీద బ్యాంకు ఖాతా ముందే సిద్ధం చేయించాలి. ఏడో క్లాసు వేసవి సెలవుల్లోనే హెడ్‌మాస్టర్‌ను కలిసి అడగండి. నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే ఆదాయ పత్రం చేతికి వచ్చేలోపు గడువు అయిపోవచ్చు.